సగం మాత్ర

షుగరు మిషను మీద అంకె చూసి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోయినా అందరి చూపులూ తిరిగి తిరిగి ఎవరి మీద వాలతాయో మాధవీలతకు తెలుసు.

ఉమామహేష్ వేలి మీది రక్తపు చుక్కను దూదితో ఒత్తుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. పరగడుపున మూడు వందలు దాటింది. నిన్నా అంతే, మొన్నా అంతే. ఏడాదిన్నర కిందట తల్లి కిడ్నీ తీసి అతనికి పెట్టిన విశాఖపట్నం డాక్టరమ్మ, మూడు నెలల కిందట అతని మందుల్లో చిన్న తెల్లమాత్రను సగానికి తగ్గించింది. కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా కాపలా కాసేందుకు మిగతా రెండు మందులూ ఉన్నాయని, ఈ స్టెరాయిడు తగ్గితే షుగరు దిగుతుందని, ఎముకలూ కళ్ళూ బాగుంటాయని బొమ్మ గీసి మరీ చెప్పింది. మొదటి నెల దిగింది కూడా. ఆ తర్వాత ఏ మాయ కమ్మిందో, షుగరు పైకి పోవడమే తప్ప కిందికి చూడలేదు.

"మళ్ళీ ఏటి పెట్టినావు రాత్రి?" అని అడిగింది రాజకుమారి.

రాజకుమారి ఉమామహేష్‌కి అక్క. నిన్న సాయంత్రం కోటబొమ్మాళి నుంచి బస్సు దిగింది. చేతిలో సంచి కింద పెట్టకముందే వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూసింది. తమ్ముడి ఒంట్లో షుగరు దిగడం లేదంటే మరదలి నిర్వాకమేనని ఆవిడ బస్సు ఎక్కకముందే తేల్చుకుని వచ్చింది. వచ్చాక కావలసింది రుజువులు మాత్రమే.

"రెండు జొన్నరొట్టెలు, ఆనపకాయ కూర. నువ్వు పక్కనే కూసున్నావు గదొదినా," అంది మాధవీలత.

"నా ముందు పెట్టినవి సరే. జీడిబట్టీలో పనిసేసినదానివి. పప్పు కొంగున కట్టుకొచ్చి పాకం పట్టడానికి ఎంతసేపు?"

మాధవీలతకు తల ప్రాణం తోకకొచ్చింది. కాశీబుగ్గ బట్టీలో జీడిగింజల పొట్టు తీసితీసి ఆమె వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. మొగుడికి ఆపరేషన్ అయ్యాక పని సగం రోజుకి తగ్గించుకుంది. ఇంట్లో బెల్లం కనిపించి ఏడాది దాటింది. తన పిల్ల పుట్టినరోజుకి కూడా పాయసం కాయలేదు. ఇదంతా పోయినసారి విశాఖలో డాక్టరమ్మకి చెబితే ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, మందు తగ్గించినా షుగరు పెరుగుతోందంటే ఇంట్లో ఎవరో ఏదో పెడుతున్నారమ్మా అంది. అంత చదువుకున్నావిడే ఆ మాటన్నాక రాజకుమారిని ఏమనాలి?

మొగుడు ఒక్క మాటైనా అడ్డు వేస్తాడేమోనని చూసింది. ఉమామహేష్ దూది పారేసి రెండో చేతి గోళ్ళు చూసుకుంటున్నాడు. మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డుకి ఈమధ్య మళ్ళీ వెళ్తున్నాడు. గోళ్ళ కింద నల్లనూనె ఉంది. అక్క ఎన్నిసార్లు పెళ్ళాన్ని దొంగను చేసినా అతని కళ్ళు ఆ గోళ్ళ మీంచి లేవవు.

"నువ్వు సెప్పు మావా. నేనేటైనా పెట్టినానా నీకు?"

"పొద్దున్నే ఎందుకీ గొడవ? రగతం పరీచ్చ కాయితాలు పంపించినాం గదా. డాక్టరమ్మ ఫోను సేత్తానన్నాది. అప్పుడు సూద్దాం," అన్నాడతను.

పెట్టలేదు అనడానికి ఒక్క మాట చాలు. దానికి ఇన్ని మాటలు ఖర్చు పెట్టాడని మాధవీలతకు మండిపోయింది. లేచి కొంగు బిగించి పెరట్లోకి నడిచింది.

రాజకుమారి వెనకనుంచి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఇవాళ్టి నుంచి వంట తనదేనట. మాధవీలత తెచ్చే సంచులన్నీ గుమ్మం దగ్గరే విప్పాలట. పలాసలో తనకు తెలిసిన ఒకావిడ ఇలాగే మొగుడికి చాటుగా పెట్టి చంపుకుందట.

పెరటి వంటపాకలో అత్త పైడమ్మ కొడుక్కి చోడి అంబలి, అదే రాగిజావ, కలుపుతోంది. ఆ ఒక్క పనీ ఆవిడ ఎవరికీ వదలదు. ఆపరేషన్ అయిన నాటినుంచీ పొద్దుటి అంబలి తల్లి చేతిమీదుగా పోవలసిందే. కడుపులోది తీసి ఇచ్చిన మనిషి, ఆ మాత్రం ముచ్చట తీర్చుకోనీ అని మాధవీలత ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఇవాళ లోపలి కోపం తగ్గించుకోవడానికి మంచినీళ్ళ కోసం వచ్చింది కాబట్టి, చెప్పుల్లేకుండా వచ్చింది కాబట్టి, అత్తకి అలికిడి తెలియలేదు.

పైడమ్మ చంటిపిల్లలకు మందు నూరే చిన్న కల్వంలో ఏదో నూరుతోంది. తెల్లటి పొడి. దాన్ని వేలితో తీసి అంబలి గిన్నెలోకి రాల్చి, గరిటెతో తిప్పింది. కల్వం పక్కన మాత్రల అట్ట ఉంది. ఆ అట్ట పేరు చదవడానికి మాధవీలతకు దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. ఏడాదిన్నరగా రోజూ తన చేత్తో చించి మొగుడి అరచేతిలో పెడుతున్న పేరే.

"ఇదేటత్తా?"

పైడమ్మ ఉలిక్కిపడింది. తర్వాత కల్వం కాస్త పక్కకి జరిపింది. దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"మాత్ర."

"ఎవుడికి?"

"ఆడికే. ఇంకెవుడికి?"

"ఎన్నాళ్ళబట్టి?"

"కుళాయికాడ జోగమ్మ ఆ మాట అన్నకాణ్ణించి."

మాధవీలత నీళ్ళబిందె మీద చెయ్యి ఆనించి నిలబడింది. జోగమ్మ ఏమందో పైడమ్మ తనే చెప్పింది. చిన్నమాత్ర సగం చేశాక నెల తిరక్కుండానే కొడుకు బుగ్గలు తగ్గాయి. మెడ సన్నబడింది. మంచినీళ్ళ కుళాయి దగ్గర జోగమ్మ బిందె పక్కన పెట్టి, మహేసుకి మళ్ళీ మొదలైందా అని అడిగింది. ఇంటింటా కిడ్నీ జబ్బు చూసిన ఉద్దానంలో ఆ ప్రశ్నకి అర్థం ఎవరికీ విడమరచనక్కర్లేదు. ఇద్దరు మనుషులు దారిలో ఎదురైతే క్రియాటినిన్ ఎంతుందని పలకరించుకునే ఊళ్ళివి.

"మీ మావ పెంటయ్యని నువ్వు సూణ్ణేదు. నీ పెళ్ళికి ముందే పోనాడు," అంది పైడమ్మ. "ముందు ఆడి దవడలు లోపలికి పోనాయి. ఆసుపత్రోల్లకి తెలిసింది ఆ తరవాత. ఈ ఈదిలో ఎవుడి మొకం జారినా రగతం ఇయ్యకముందే నాకు తెలిసిపోద్ది. తవిటయ్యకి నాను ముందే సెప్పినాను. నవ్వినాడు. ఏడాది తిరగలేదు."

"మొకానికి ఆ ఉబ్బు మందు వల్ల వొచ్చిందత్తా. అది దిగాలనే గదా మందు తగ్గించినారు."

"మొకం నిండుగుంటే జబ్బంటారా ఎవులైనా? కొత్త కిడ్నీ పెట్టినాక నా కొడుకు పున్నమి సెందురుడిలాగ అయినాడు. ఊరంతా సూసి పైడమ్మ కడుపు సల్లగా అన్నారు. ఆ సగం మాత్ర తీసీగానే దవడెముక అవుపించింది. నా వొంట్లోది కోసి ఇచ్చినాను కోడలా. సగం మాత్రకాడ పోగొట్టుకోమంటావా?"

మాత్ర ఎక్కడిదని అడిగితే, ఊళ్ళో ఇంజక్షన్లు వేసే మన్మథరావు దగ్గరదని చెప్పింది. మోకాళ్ళ నొప్పులన్న ప్రతి ముసల్దానికీ ఆయన ఇచ్చేది ఈ మాత్రేనట. పాత అట్ట చూపించి నాకూ మోకాళ్ళు పీకుతున్నాయంటే మారు మాట్లాడకుండా ఇచ్చాడట. చెప్పేటప్పుడు పైడమ్మ గొంతులో తప్పు చేసిన జంకు ఏ కోశానా లేదు. తెలివిగా గట్టెక్కినదాని ధీమాయే ఉంది.

మాధవీలతకు గట్టిగా అరవాలనిపించింది. కల్వం తీసి జీడితోటలోకి విసిరెయ్యాలనిపించింది. రెండు నెలలు! రెండు నెలలుగా తను దొంగ. తను పాకాలు పట్టే దొంగ, మొగుడి ఉసురు తీసే దొంగ. రోజూ పొద్దున్నే ఆ మిషను ముందు తలొంచుకుని నిలబడుతుంటే, అత్త పక్కనే కూర్చుని కొడుకు అంబలి తాగేదాకా విసనకర్రతో విసిరింది. కానీ ఎదురుగా ఉన్నది కోత పడిన నడుము మీద చెయ్యి వేసుకుని కూర్చున్న ముసలమ్మ. ఆ కోత చూస్తే ఎంతటి కోపమూ సగంలో ఆగిపోతుంది. కోపం రావడం ఒక చిరాకైతే, వచ్చిన కోపం చూపించే చోటు లేకపోవడం అంతకు పదింతల చిరాకు.

"ఏటయినాదే?" అంటూ రాజకుమారి వచ్చింది.

మాధవీలత మాత్రల అట్ట ఆవిడ చేతిలో పెట్టింది. నీ తమ్ముడి షుగరు ఇదీ అని చెప్పింది. రాజకుమారి అట్టను చూసింది, కల్వాన్ని చూసింది, తల్లిని చూసింది. నిన్నటి నుంచీ అలుపు లేకుండా ఆడిన నోరు కాసేపు మూతపడింది. ఆ కాసేపూ మాధవీలతకు ఎంతో హాయిగా గడిచింది.

హాయి ఎంతోసేపు నిలవలేదు. రాజకుమారి తేరుకుని అట్టను బొడ్లో దోపుకుంది.

"సరే. అమ్మ తెలీక సేసినాది. ఇయ్యాళ్టినుంచి ఎయ్యదు. ఆ డాక్టరమ్మకి సెప్పక్కరనేదు," అంది.

క్షమించు మరదలా అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని మాధవీలత వెతుక్కుంది. లేదు. ఉండదు. రాజకుమారి మాట తప్పయితే ఆ మాట మారుతుంది గాని మనిషి మారదు.

ఇది చెప్పకుండా ఊరుకునే విషయం కాదని మాధవీలత నచ్చజెప్పబోయింది. ఈ మందు ఎక్కువరోజులు మింగిన ఒళ్ళు అలాంటి సరుకు సొంతంగా తయారుచేసుకోవడం మరిచిపోతుందని, ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలిపోవచ్చని, అందుకే మెల్లమెల్లగా దిగాలని డాక్టరమ్మ హెచ్చరించిందని గుర్తుచేసింది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. సగం మాత్రతోనే కిడ్నీ బాగా పనిచేస్తోందని ఆవిడ అనుకుంటోంది. నిజానికి ఒంట్లోకి పోతున్నది పాత లెక్కే. ఆ అబద్ధం మీద నిలబడి ఆవిడ రేపు మిగతా సగం కూడా తీసేస్తే కిడ్నీ ఏమవుతుందో ఎవరికి తెలుసు?

"తెలివి నీ ఒక్కదానికే ఉందేటి?" అంది రాజకుమారి. డాక్టరమ్మకి తెలిస్తే ఇలాంటి ఇంట్లోవాళ్ళని చూడనని చీటీ చింపేస్తుందని, రేపు తమ్ముడికేదైనా అయితే చేర్చుకునే దిక్కుండదని ఆవిడ భయం. భయం నిజమైనదే. దాన్ని చెప్పే తీరులోనే కారం.

అప్పటికి ఉమామహేష్ పాక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోనుంది. అంబలి గిన్నె, కల్వం, ముగ్గురు ఆడవాళ్ళ మొహాలు వరసగా చూశాడు. ఏమైందని అడగలేదు.

మాధవీలతకు మొదట అది తట్టలేదు. అత్త చేసిన పని రెండు ముక్కల్లో చెప్పింది. అతను విన్నాడు. కనుబొమ కూడా కదలలేదు. అప్పుడు తట్టింది.

"మావా, నీకు తెలుసా?"

ఉమామహేష్ గుమ్మం బద్ద మీద గోరుతో గీశాడు.

"నిన్నే అడుగుతున్నాను. తెలుసా?"

"అంబలి సేదుగుంటే తెలీదా?" అన్నాడు.

పైడమ్మ కొడుకు వైపు తలెత్తింది. ఆవిడకీ ఇది కొత్తే.

"మరెందుకు తాగినావు?"

అతను చెప్పాడు. మాత్ర సగం చేశాక పొద్దున్న మంచం మీంచి లేవలేకపోయేవాడట. కీళ్ళన్నీ పట్టేసేవి. షెడ్డులో పానా పట్టుకుంటే చేతిలో నిలిచేది కాదు. అంబలి చేదెక్కిన వారానికి ఒళ్ళు తేలికైంది. తల్లి ఏం కలుపుతోందో అప్పుడే అర్థమైంది. మనిషిలా తిరగగలుగుతున్నప్పుడు దాన్ని పోగొట్టుకోవడం దేనికని ఊరుకున్నాడు.

"నొప్పులని డాక్టరమ్మకి సెబితే సరిపోను. నాకు సెబితే సరిపోను."

"సెబితే ఆపేత్తావు."

"మీ అప్ప నన్ను దొంగదంటంటే ఇన్నావు. డాక్టరమ్మ అందరి ముందూ నన్నంటే ఇన్నావు. నీకు తెలిసి ఇన్నావు."

ఉమామహేష్ చూపు మళ్ళీ గోళ్ళ మీదికి పోయింది. ఏదో ఒకటి చెప్పి ఉంటే మాధవీలత దెబ్బలాడేది. ఈ మనిషి కోసం ఆసుపత్రి వరండాల్లో నేల మీద పడుకుంది. ఈ మనిషి రెండు నెలలు ఎదురుగా కూర్చుని, గోళ్ళు చూసుకున్నాడు.

అతని చేతిలో ఫోను మోగింది. విశాఖ నంబరు.

ఎత్తొద్దని రాజకుమారి సైగ చేసింది. ఉమామహేష్ ఎత్తాడు. డాక్టరమ్మ మాట అందరూ వినాలని ఎప్పుడూ స్పీకరు పెట్టే అలవాటు ఆ ఇంట్లో. వేలు దానంతటదే ఆ గుర్తు మీదికి పోయింది.

"ఉమామహేష్ గారూ, రిపోర్టులు చూశాను. క్రియాటినిన్ చాలా బాగుంది. షుగర్ మాత్రం అస్సలు బాగాలేదు. స్టెరాయిడ్ నేను రాసిన అయిదు మిల్లీగ్రాములే వేసుకుంటున్నారు కదా? బయట ఇంకేం వాడటం లేదు కదా?"

ఉమామహేష్ తల్లిని చూశాడు. అక్కని చూశాడు. పెళ్ళాం వైపు చూడలేదు.

"అయిదే మేడమ్. మీరు రాసిందే."

"అయితే మంచిదే. కిడ్నీ అయిదుతో స్థిరంగా ఉందంటే మనం ధైర్యంగా ఇంకా తగ్గించొచ్చు. రేపటి నుంచి అందులో సగం. నెలాగి పూర్తిగా మానేద్దాం. షుగర్‌కి ఇన్సులిన్ మొదలుపెడదాం."

పైడమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఏటన్నాది? మొత్తం తీసేత్తాదా?" అని కోడలిని అడిగింది. ఈ ఇంట్లో ఏ సందేహమొచ్చినా ఆవిడ కొడుకునో, కూతురు వస్తే కూతురినో అడుగుతుంది. మాధవీలత వైపు తిరిగి అడగడం ఇదే మొదలు.

"అవునత్తా."

"నాను ఎయ్యబట్టేనా?"

"నువ్వేసింది కూడా మావ వొంట్లో ఉందని ఆవిడకి తెల్దు. సగంతోనే అంతా బాగున్నాదనుకుంటంది."

ఇద్దరూ గొంతు తగ్గించే మాట్లాడుకున్నారు. అయినా ఫోనులో మాట ఆగిపోయింది.

"ఎవరండీ మాట్లాడుతున్నది? ఏం వేశారు?"

ఉమామహేష్ బొటనవేలు ఎర్రగుర్తు మీదికి వెళ్ళింది. కొడుకు మణికట్టును పైడమ్మ గట్టిగా పట్టుకుంది. చోడిపిండి అంటిన చేత్తోనే ఫోను లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఎటువైపు మాట్లాడాలని కోడలిని అడిగింది. మాధవీలత చూపించింది.

"అమ్మా, నాను ఆడి తల్లిని. కిడ్నీ ఇచ్చినదాన్ని," అంది పైడమ్మ. "మీరు సగం సేసినారు. మొకం జారిపోతంటే భయమేసి, మీరు తీసేసిన ఆ సగం మాత్రా రోజూ అంబల్లో కలిపేసినాను. నాదే తప్పు. ఉన్నది మాత్రం తీసీకండి తల్లీ."

రాజకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరే. ఎవరూ ఏదీ ఆపొద్దు, ఏదీ తగ్గించొద్దు. ఇప్పుడు నేను చెప్పిందంతా మరిచిపోండి," అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతు మారిపోయింది. "రేపు ఆయన్ని తీసుకుని రండి. మళ్ళీ మొదటి నుంచి చూడాలి. ఒక్కటి చెప్పండమ్మా. మీరు కలుపుతున్నట్టు మీ అబ్బాయికి తెలుసా? ఈ మందు ఆయన చెప్పే నొప్పుల్ని బట్టి, ఆయన మాటను బట్టి తగ్గించాలి. ఆ మాట నేను నమ్మొచ్చా లేదా నాకు తెలియాలి."

పైడమ్మ కొడుకును చూసింది. కొడుకు తల దించుకున్నాడు.

"తెల్దు తల్లీ. ఆడికేటి తెలుసు పాపం," అంది పైడమ్మ.

"ఆయన భార్య ఉన్నారా అక్కడ? ఫోను ఆవిడకివ్వండి."

ఫోను మాధవీలత చేతిలోకి వచ్చింది.

"మాధవీలత గారూ, మీరు చెప్పండి. మీ ఆయనకి తెలుసా, తెలియదా?"

రెండు నెలలుగా ఆ ఇంట్లో మాధవీలత చెప్పిన ఒక్క మాటా ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ముగ్గురూ ఆమె చెప్పబోయే ఒక్క మాట కోసం చూస్తున్నారు.